వేడి మీద ఆపిన ఇంజన్

"ఒక్క మాట. కంగారుపడ్డానని లేచి చెప్పు. అంతకుమించి నిన్నెవరూ ఏమీ అడగడం లేదు," అన్నాడు నా కొడుకు కెమింగ్.

నా కోడలు రుయిలాన్ పిల్ల గిన్నెలో అన్నం పెడుతోంది. చెయ్యి ఆగలేదు.

"కంగారుపడి ఉంటే చెప్పేదాన్ని."

"పడ్డావో లేదో ఎవడిక్కావాలి. చెప్తే చాలు."

"నువ్వు చెప్పమన్నదల్లా చెప్పడానికి నేను కాలనీ స్తంభానికి కట్టిన మైకునా?"

కెమింగ్ తినే పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టాడు. తిండి అయిపోయిందని దాని అర్థం. గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

వారం రోజులుగా మా ఇంట్లో భోజనాలు ఇలాగే నడుస్తున్నాయి. కూర చల్లారేదాకా వాదన. చల్లారాక మౌనం. మౌనమే నయం. కనీసం పిల్ల రెండు ముద్దలు తింటుంది.

"అమ్మా, నువ్వు ఇంజన్ పాడు చేశావా?" అంది మైమై.

"ఎవరన్నారు?"

"బళ్ళో అందరూ అంటున్నారు. మీ అమ్మ వల్ల మా నాన్నకి బోనస్ పోయిందని పక్క బెంచీ పిల్ల నా రబ్బరు తీసేసుకుంది."

"రేపు ఇంకో రబ్బరు కొంటాలే."

"రబ్బరు గురించి కాదు నేను అడిగింది," అంది పిల్ల.

 నేను పులిసిన కాబేజీ కూర ఇంకొంచెం వేసుకున్నాను. ఆకలేసి కాదు. చేతికి ఏదో పని కావాలని.

ఈ లోయలో రహస్యాలు దాగవు. కొండల మధ్య ఇరుకులో కట్టిన కాలనీ. అటు చివర ఇంజన్లు పరీక్షించే టెస్ట్ షాపు, ఇటు చివర మా ఇళ్ళు. ఇంజన్ నడిస్తే వంటింటి గిన్నెలు కదులుతాయి. ఆగితే ఊరంతా తల ఎత్తి చూస్తుంది. పోయిన వారం అలాగే చూసింది. యుద్ధ విమానానికి పెట్టబోయే కొత్త ఇంజన్ దీర్ఘ పరీక్ష చివరికొచ్చింది. రాజధాని నుంచి దిగిన పెద్దలు అద్దం వెనక నిలబడి చూస్తున్నారు. ఇంజన్ వేగం నడిపే థ్రాటిల్ మీద ఉన్నది నా కోడలు. కొలతలు చూపే ముళ్ళన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. ఆమె ఎర్ర మీట నొక్కి, పూర్తి వేడి మీదున్న ఇంజన్ని ఆపేసింది.

తర్వాత విప్పి చూశారు. లోపల తిరిగే టర్బైన్ రెక్కల కొసలు పైతొడుగుకి రాసుకున్న గీతలు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ రెక్కల డిజైను నా కొడుకుది.

ఇక వచ్చే సోమవారం సున్నా సభ. మా దగ్గర ఏ ఇంజన్ చెడినా ఆ సభ పెట్టాల్సిందే. కారణం తేలి, లెక్క సున్నాకి వచ్చేదాకా ఆ ఇంజన్‌తో పాటు తయారైన అక్కచెల్లెళ్ళ ఇంజన్లేవీ కదలకూడదు. కారణాలు మూడే. ఇంజన్‌లో వాడిన సరుకు, దాని డిజైను, నడిపిన మనిషి. సరుకో డిజైనో అయితే నెలలు పడుతుంది. మనిషి అయితే ఒక్క పూట. ఆ మనిషి లేచి, తప్పు నాది అంటాడు. సభ ముగుస్తుంది. ఇంజన్లన్నీ విడుదలవుతాయి.

అక్కచెల్లెళ్ళలో ఒకటి అప్పటికే విమానంలో బిగించి ఉంది. ఎగరడానికి సోమవారం కోసం చూస్తోంది.

"పైలట్ షి ఆ విమానం ఎక్కుతాడు కెమింగ్," అంది రుయిలాన్. "మన క్యాంటీన్లో పక్కన కూర్చుని తిన్నాడు. పిల్లకి ఎండు ఖర్జూరాలు ఇచ్చి వెళ్ళాడు. ఆ విమానానికి ఉన్నది ఒక్క ఇంజను."

"షి పైలట్. ఎక్కడమే ఆయన పని."

"ఎక్కడమే. పడటం కాదు."

కెమింగ్ లేచి చొక్కా మీద కోటు వేసుకుని బయటికి పోయాడు. తలుపు మెల్లగా వేశాడు. వాడికి కోపం వస్తే తలుపు మెల్లగా వేస్తాడు. వాళ్ళ అమ్మ పోలిక.

*

శనివారం మధ్యాహ్నం పాంగ్ వచ్చాడు. పాంగ్ ఇప్పుడు టెస్ట్ షాపు డైరెక్టరు. ఒకప్పుడు నా శిష్యుడు. నా టీ గ్లాసు కడిగి, నా బూట్లు ఆరబెట్టి పని నేర్చుకున్నవాడు. చేతిలో పియర్ పండ్ల పెట్టె.

"గురువుగారూ, చలికి కీళ్ళు ఎలా ఉన్నాయి?"

"కీళ్ళ సంగతి కనుక్కోవడానికి డైరెక్టరు నడిచి రాడు. కూర్చో."

కూర్చున్నాడు. ఎదురుగా బీరువా మీద నా భార్య గ్వేజెన్ ఫొటో ఉంది. దానికి తల వంచి దణ్ణం పెట్టాడు. ప్రతిసారీ పెడతాడు. పెట్టిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

"పై నుంచి రోజూ ఫోన్లు గురువుగారూ. ఇన్నేళ్ళూ బయటి దేశం ఇంజన్ కొని మన విమానంలో పెట్టుకున్నాం. ఇప్పుడు మనది వచ్చింది అని చెప్పాక, ఆగింది అని ఎలా చెప్పను? నిద్ర లేదు. మాత్ర వేసుకుంటే పగలు మత్తు."

"మాత్రలు తగ్గించు."

"రుయిలాన్‌కి మీరు చెప్పాలి. కంగారులో ఆపాను, కంగారులోనే గాలి తిప్పమని చెప్పడం మరిచాను. ఈ రెండు ముక్కలే. ఉద్యోగం పోదు. ఒక ఏడాది ఇంజన్ పరీక్షల నుంచి పక్కన పెడతాం. తర్వాత నేను చూసుకుంటాను."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"గాలి తిప్పలేదా?"

పాంగ్ నా మొహం చూశాడు. నాకు తెలియదని అప్పుడే తెలిసింది వాడికి.

వేడి మీద ఇంజన్ ఆపితే వెంటనే గాలి పెట్టి మెల్లగా తిప్పాలి. చల్లారేదాకా తిప్పుతూనే ఉండాలి. కదలకుండా వదిలేస్తే లోపలి ఇరుసు తన వేడికి తానే వంగుతుంది. కొసలు రాసుకుంటాయి. ఇది ఈ లోయలో వంట చేసేవాళ్ళకి కూడా తెలుసు. మూకుడు దించాక గరిట తిప్పకపోతే అడుగు అంటుతుందని తెలిసినట్టే.

"రుయిలాన్ మరిచిపోయే మనిషి కాదు," అన్నాను.

"మీ అబ్బాయిని అడగండి."

"నువ్వు చెప్పు."

పాంగ్ పియర్ పెట్టె తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు. "ఆమె తిప్పమనే అంది. కెమింగ్ ముందుకొచ్చి వద్దన్నాడు. ఎవరూ ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు ఉండాలి అన్నాడు. డిజైను వాళ్ళ మనిషి, పైగా పెద్దలు వెనకే ఉన్నారు. గాలి వాల్వు దగ్గరున్నవాడు చెయ్యి తీసేశాడు."

"అయితే వాడి పేరు రాయండి."

"డిజైను వాళ్ళ మనిషిని మేం వేలెత్తి చూపలేం గురువుగారూ. రేపు వాళ్ళు మన షాపు వైపు చూపిస్తారు. తనంతట తాను లేస్తే వేరు. ఎవరో ఒకరు లేవాలి. ఎవరన్నది నాకు పట్టింపు లేదు."

లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. ఫొటో వైపు చూశాడు.

"అమ్మగారి సంగతి మళ్ళీ తెరిపిస్తాను. పని వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పిస్తాను. ఈ సభ సాఫీగా అయిపోతే పై వాళ్ళు నా మాట వింటారు."

గ్వేజెన్ కడుగుడు షాపులో పనిచేసేది. టర్బైన్ రెక్కలు మందునీళ్ళలో ముంచి కడగాలి. చేతి తొడుగులు వేసుకుంటే నూలు పోగులు అంటుకుంటాయని వట్టి చేతులతో కడిగించారు. నెత్తురు పాడైంది. మామూలు జబ్బేనన్నారు. తొడుగులు వద్దని హుకుం వేసినవాడు సంతాప సభలో ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎవడూ లేచి, ఆ హుకుం నాది అనలేదు. ఇన్నేళ్ళూ నేను అడిగింది ఆ ఒక్క మాటే.

"పండ్లు తీసుకుపో," అన్నాను.

"పిల్లకి గురువుగారూ."

"తీసుకుపో."

తీసుకుపోయాడు. మెట్ల మీద వాడి అడుగులు ఆగి ఆగి వినిపించాయి. వాడికీ కీళ్ళ నొప్పులున్నాయి.

*

రుయిలాన్ వెనక వరండాలో కాబేజీ జాడీ మీద రాయి సరిచేస్తోంది. కార్ఖానాతో పాటు ఉత్తరాది నుంచి ఈ కొండల్లోకి మమ్మల్ని తోలుకొచ్చినప్పుడు గ్వేజెన్ ఆ జాడీని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. రుయిలాన్ ఇక్కడి పిల్ల. కారం లేనిదే ముద్ద దిగదు. అయినా అత్త పోయాక ఆ పులుపు జాడీ ఆమే చూసుకుంటోంది. ఎవరూ చెప్పలేదు.

"విన్నావా?" అన్నాను.

"గోడలు పల్చన మావయ్యా."

"ఎందుకు ఆపావు? నాకు చెప్పు. సభకి కాదు."

చేతులు తుడుచుకుంది. "ఇంజన్ వెనక చుట్టూ వేడి కొలిచే కడ్డీలుంటాయి కదా. అందులో ఒకదాని కొలత పైకి పోయి కిందికి వస్తోంది. పక్కవి నిలకడగా ఉన్నాయి. కంప్యూటర్ అన్నిటినీ కలిపి సగటు చూపిస్తుంది. సగటు బాగుంది. నేను ఆ ఒక్కదాన్నే చూస్తున్నాను."

"కడ్డీ పాడై ఉంటుంది."

"కావచ్చు. కానీ పాడైన కడ్డీ కొలత పైకి పోతే తిరిగి రాదు. ఇది పోతోంది, వస్తోంది. ఏదో రెక్క లోపల చల్లబరిచే గాలి దారి మూసుకుపోయి కాలుతోందనిపించింది."

"విప్పి చూశారుగా."

"పైపైన చూశారు. గాలి దారులు లోపల ఉంటాయి. రెక్కల్ని కోసి చూడాలి. కోయాలంటే సభ తెరిచి ఉండాలి. కారణం తేలిందని మూసేస్తే ఇంకెవరు కోస్తారు?"

"నీకు నమ్మకమేనా?"

జాడీ అంచు గుడ్డతో తుడిచింది. కింద ఎవరో పొయ్యిలోకి బొగ్గు బిళ్ళలు పేరుస్తున్నారు.

"లేదు మావయ్యా. నిజంగా లేదు. పొద్దున్న లేస్తే కడ్డీయే పాడై ఉంటుందిలే అనిపిస్తుంది. మధ్యాహ్నానికి మళ్ళీ అది పైకి పోయి వచ్చినట్టు కనిపిస్తుంది. నేను కరెక్టని చెప్పలేను. తప్పని కూడా చెప్పలేను. కోసి చూడండి అని మాత్రం చెప్పగలను."

"చెప్పు మరి. దాంతోపాటు నీ మొగుడు గాలి తిప్పనివ్వలేదని కూడా చెప్పు."

"ఆ మాట మీరు ఎత్తకండి."

"ఎందుకు? కాచుకుంటున్నావా వాణ్ణి?"

"అందుకు కాదు."

"ఇంకెందుకు? వాడు నీ నెత్తిన వేస్తుంటే నువ్వు నోరు మూసుకుని మోస్తున్నావు. ఈ ఇంట్లో ఇంకో ఆడది ఇలాగే మోస్తూనే పోయింది. ఫొటో లోపల ఉంది, చూసిరా."

ఆమె మొహం వాడిపోయింది. ఏదో చెప్పబోయింది. అలసిపోయినవాళ్ళు చెప్పబోయి మానుకున్నట్టు మానుకుంది.

"ఎత్తకండి మావయ్యా. అంతే," అంది. జాడీ మూత వేసి లోపలికి పోయింది.

నాకు అర్థమైందనుకున్నాను.

*

ఆదివారం కార్ఖానా స్నానాలగదికి పోవడం మా ఉత్తరాది వాళ్ళ అలవాటు. ఇంట్లో వేడినీళ్ళు ఉన్నా పోతాం. కొడుకు తండ్రి వీపు రుద్దాలి. మాట్లాడుకోకపోయినా రుద్దాలి.

వేడినీళ్ళ తొట్టిలో నా ఈడు వాళ్ళు మెడదాకా మునిగి కూర్చున్నారు.

"ఏం గెంగ్," అన్నాడొకడు, "నీ కోడలు అంత పెద్ద ఇంజన్ని ఒక్క వేలితో ఆపేసిందట. నీ నోటికి కూడా అలాంటి మీటేదైనా పెట్టించరాదూ."

"నా నోరు ఆగితే నీకు మాట్లాడే అవకాశం వస్తుంది. లోయ భరించలేదు."

నవ్వారు. కెమింగ్ నవ్వలేదు. గరుకు తొడుగు చేతికి వేసుకుని నా వెనక కూర్చున్నాడు. రుద్దడం మొదలుపెట్టాడు. చెయ్యి బరువుగా పడుతోంది.

"గాలి తిప్పొద్దన్నది నువ్వటగా," అన్నాను.

చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"రుయిలాన్ చెప్పిందా?"

"చెప్పలేదు. అదే నాకు అసహ్యంగా ఉంది."

"నాన్నా, నా మాట విను. ఏదైనా జరిగితే ఎవరూ ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. చేరినప్పటి నుంచీ అదే నూరిపోశారు. ఎవడో కంగారులో ఏదో తిప్పి, ఆనవాళ్ళు చెడగొట్టి, తర్వాత ఏళ్ళ తరబడి కారణం దొరక్క చచ్చిన కేసులు చూశాం. ఆ క్షణంలో నాకు అదే గుర్తొచ్చింది. ఆనవాళ్ళు కాపాడుతున్నాననుకున్నాను."

"అది హత్య జరిగిన గదా? ఇంజన్‌రా అది. పొయ్యి మీంచి దించిన ఇంజన్."

"తెలుసు. వాల్వు మీంచి చెయ్యి తీసిన మరుక్షణం తెలిసింది. నోరు పెగల్లేదు. వెనక అంతమంది ఉన్నారు."

"ఇప్పుడు పెగులుతోందిగా. పెళ్ళాన్ని ఒప్పుకోమని రోజూ పెగులుతోంది."

 తొట్టిలో ముసలాళ్ళు మాటలు ఆపేశారు. వినడానికే ఆపారు.

"వచ్చే నెల రెక్కల విభాగానికి పెద్దని చేస్తారు నన్ను. ఈ మాట బయటికొస్తే అది పోతుంది. ఇంకెప్పుడూ రాదు. ఆమెకైతే ఒక ఏడాది. అంతే. లెక్క చూసుకో నాన్నా."

"మీ అమ్మ విషయంలో కూడా ఎవడో ఇలాగే లెక్క చూసుకున్నాడు."

"అమ్మని ఇందులోకి లాగకు."

"లాగుతాను. వట్టి చేతులతో కడగమన్నవాడు ఒక్కసారి లేచి, అన్నది నేనే అని ఉంటే, నేను వాణ్ణి క్షమించేవాణ్ణి కాదు. కానీ ఉమ్మేయకుండా ఉండేవాణ్ణి. రేపు నువ్వు లేవాలి. లేవకపోతే సాయంత్రానికి నీ బట్టలు మెట్ల మీద ఉంటాయి. రుయిలాన్, పిల్ల నా దగ్గర ఉంటారు."

"కొడుకుని గెంటేస్తావా?"

"అలాంటి కొడుకునే."

వాడు మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. వీపు మండేదాకా రుద్దాడు. నేను ఆపమనలేదు. చివర్లో చెంబుతో నీళ్ళు పోస్తూ, "సరే," అన్నాడు. అంత చిన్నగా అన్నాడు కాబట్టే నమ్మాను.

"రుయిలాన్‌కి చెప్పనా?" అన్నాడు బయటికొచ్చాక.

"చెప్పకు. చెప్తే వద్దంటుంది. మొగుడి మీద ప్రేమ కదా."

*

సోమవారం పొద్దున్న టెస్ట్ షాపు హాలు నిండిపోయింది. సున్నా సభలకి పదవి దిగిన పాతవాళ్ళకి వెనక బెంచీ ఇస్తారు. వేడినీళ్ళ డ్రమ్ము పక్కన. మాట్లాడే హక్కు లేదు, దగ్గే హక్కు ఉంది. అక్కడ కూర్చున్నాను.

ముందు నల్లబల్ల మీద మూడు మాటలు రాసి ఉన్నాయి. సరుకు. డిజైను. మనిషి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రాసుకుపోయిన రెక్కల్ని వరసగా పెట్టారు. చూడటానికి ఏమీ లేదు. చాకు అరిగినట్టు కొసలు అరిగాయి.

రుయిలాన్ పని చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చుంది. కెమింగ్ పక్కనే. ఇంట్లో వారం నుంచి అంత దగ్గరగా కూర్చోలేదు.

పాంగ్ గొంతు సవరించుకున్నాడు. "గీతలకి కారణం తేలేదాకా ఏ ఇంజనూ కదలదు. ఇది మన నియమం. ముందు ఆ రోజు థ్రాటిల్ మీద ఉన్న కామ్రేడ్ మాట్లాడాలి."

రుయిలాన్ లేచింది. "ఒక కడ్డీ తేడాగా చూపించింది. అందుకు ఆపాను. కారణం నాకు తెలియదు. రెక్కల్ని కోసి చూడమని అడుగుతున్నాను."

"గీతలు ఎందుకొచ్చాయి?"

"కోసి చూస్తే ఏదైనా తెలుస్తుంది."

"ఆపాక గాలి తిప్పారా?"

ఆమె మాట్లాడలేదు. హాలంతా ఎదురు చూసింది. ఎవరో బెంచీ మీద కదిలారు. పాంగ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె నిలబడే ఉంది. తప్పు నాది అనలేదు. ఇంకెవరిదీ అనలేదు. ఆ మౌనంతోనే సభని తెరిచి పట్టుకుని ఉందని నేను అప్పటికీ గ్రహించలేదు. వాణ్ణి కాపాడుతోందనే అనుకున్నాను. కెమింగ్ వీపు వైపు చూశాను. లేవరా, అనుకున్నాను.

లేచాడు.

"తిప్పలేదు. ఆమె తిప్పమంది. నేను వద్దన్నాను. ఆనవాళ్ళు చెడతాయనుకున్నాను. ఇరుసు వంగి కొసలు రాసుకున్నాయి. ఆ గీతలు ఆమె వల్ల రాలేదు. నా మాట వల్ల వచ్చాయి."

 చెప్పాడు. వాడు పుట్టాక నాకు వాడి మీద గర్వం కలిగిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. పక్కనున్న ముసలాయన నా మోకాలి మీద తట్టాడు.

ఎవరో చప్పట్లు కొట్టారు. మెల్లగా హాలంతా కొట్టింది. పాంగ్ కూడా కొట్టాడు. వారం తర్వాత వాడి మొహంలో కళ కనబడింది.

"ఇలా లేచి చెప్పడం సామాన్యం కాదు," అన్నాడు. "కామ్రేడ్ కెమింగ్ ఒక్క మాటతో మన ముడి విప్పాడు. గీతలకి కారణం దొరికింది. చల్లార్చడంలో పొరపాటు. అంటే ఇంజన్‌లో లోపం ఏదీ లేదు. డిజైను బాగుంది. సరుకు బాగుంది."

సుద్దముక్క తీసుకుని మనిషి అన్న మాట చుట్టూ గుండ్రంగా గీశాడు. మిగిలిన రెండింటినీ తుడిచేశాడు.

"లెక్క సున్నాకి వచ్చింది. అక్కచెల్లెళ్ళ ఇంజన్లన్నీ విడుదల. ఎయిర్‌ఫీల్డుకి ఫోన్ చేయండి. మధ్యాహ్నం ఎగరొచ్చని చెప్పండి."

బల్ల పక్కన నిలబడ్డ ఇద్దరు తెల్లగుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని రెక్కల్ని మూటగట్టడం మొదలుపెట్టారు. లోహం లోహానికి తగిలి గలగలమంది.

చప్పట్లు ఇంకా ఆగలేదు. నా చేతులు మాత్రం ఆగిపోయాయి.

రుయిలాన్ ఇంకా నిలబడే ఉంది. మొగుడి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి అన్ని బెంచీల మీదుగా నన్ను చూసింది. అరవలేదు. ముందు వరసలవాళ్ళకి కూడా వినబడనంత మామూలుగా అంది. పెదాల కదలికని బట్టే నాకు అర్థమైంది.

"ఎత్తకండి అన్నాను కదా మావయ్యా."

తర్వాత ముందుకి తిరిగింది.

"నాకు అభ్యంతరం ఉంది," అంది, అందరికీ వినబడేలా.

పాంగ్ సుద్ద దులుపుకుంటున్నవాడు ఆగాడు. "దేనికమ్మా? తప్పు నీది కాదని తేలిందిగా. కూర్చో."

"గీతలు ఎందుకొచ్చాయో చెప్పారు. నేను ఎందుకు ఆపానో ఎవరూ అడగలేదు. గీతలు ఆపిన తర్వాత వచ్చినవి. కడ్డీ కొలత ఇంజన్ ఆపకముందే ఊగింది."

"కడ్డీలు పాడవుతుంటాయి."

"పాడై ఉండొచ్చు. కోసి చూడండి."

"కారణం తేలిన ఇంజన్ని కోయడానికి నియమం లేదు."

"అయితే ఫోన్ చేయకండి."

కెమింగ్ ఆమె చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "చాలించు రుయిలాన్. నిన్ను ఇందులోంచి బయటపడేశాను. ఇంకేం కావాలి?" అన్నాడు. వాడికి నిజంగానే అర్థం కాలేదు. ఏడవబోతున్న మొహంతో అడిగాడు.

ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. వరస దాటి, మనుషుల మోకాళ్ళు తప్పించుకుంటూ బల్ల దగ్గరికి నడిచింది. మూటగడుతున్న ఇద్దరూ ఏం చేయాలో తెలియక పాంగ్ వైపు చూశారు. ఆమె గుడ్డ ఒక కొస లాగి ఒక రెక్క తీసుకుంది. మూటలో చెయ్యి పెట్టి ఇంకొకటి తీసుకుంది. రెండు పిడికిళ్ళూ నిండేదాకా తీసుకుంది. వట్టి చేతులతోనే.

"అది కార్ఖానా ఆస్తి," అన్నాడు పాంగ్. గొంతు మారింది. "అక్కడ పెట్టు."

ఆమె పెట్టలేదు. బయటికీ పోలేదు. రెక్కల్ని పొట్టకి అదుముకుని, ఫోన్ ఉన్న గది తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. గార్డు బెల్టు సర్దుకుంటూ గోడ దగ్గర నుంచి కదిలాడు.

నేను వెనక బెంచీ మీంచి లేచి ఆమె వైపు కదిలాను. అక్కడ కూర్చున్నవాళ్ళకి మాట్లాడే హక్కు లేదు.

గార్డు నాకంటే ఆమెకి దగ్గరగా ఉన్నాడు.